మొదటి పీరియడ్ వదులుకున్న లెక్కల టీచరు

సువార్తకి మొదటి పీరియడ్ అంటే ప్రాణం. ఢిల్లీ సర్కారు బళ్ళో లెక్కల టీచరుగా చేరి ఇరవై ఆరేళ్ళయితే, మొదటి ఇరవై నాలుగేళ్ళూ దాన్ని ఎవరికీ వదల్లేదు. "ఏడింటికి పిల్లల బుర్రలు కడిగిన పలకల్లా ఉంటాయి. పన్నెండింటికి చెబితే అది లెక్క కాదు, జోలపాట" అనేది. టైంటేబుల్ వేసే రోజున మిగతా టీచర్లు ముందే ఆ గడిలో ఆవిడ పేరు రాసేసేవారు, గొడవెందుకని.

ఆవిడది చీరాల. అక్క నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వస్తే తోడుగా వచ్చి, అదే ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న యేసుదానాన్ని పెళ్ళాడి, ఆర్.కె. పురం దగ్గర్లో ఉండిపోయింది. మాట పెళుసు, మనసు మెత్తన. హోంవర్కు చెయ్యని పిల్లని అరగంట తిట్టి, ఆనక తన డబ్బాలోంచి ఇడ్లీ పెట్టే రకం.

ఆ బడిలో పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. పొద్దుటి గంట ఏడింటికి. హాజరు తీసేది సువార్త పీరియడ్‌లోనే.

రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో పదకొండు మంది లెక్కల్లో తప్పారు. ప్రిన్సిపాల్ ఛాయాదేవి ఆవిడ ముందు ఒక కాగితం పెట్టింది.

"వీళ్ళని ఓపెన్ స్కూల్‌కి రాయించేద్దాం మేడమ్. ఇంట్లోనే చదువుకుంటారు. మన పదో తరగతి ఫలితం తొంభై దాటుతుంది. క్లాస్ టీచరుగా మీ సంతకం కావాలి."

ఇంట్లో చదువుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ పేర్లు మళ్ళీ ఏ బడి రిజిస్టర్లోనూ కనబడవు. అయినా సువార్త పెన్ను తీసింది. నిజం చెప్పుకోవాలి కదా, తీసింది. ఆ పిల్లల మీద ఆవిడకి పీకల దాకా కోపం. రెండు రోజులు వేళకి వస్తే మూడు రోజులు రారు, వచ్చినా మూడో పీరియడ్‌కి ఈడ్చుకుంటూ వస్తారు. రిమార్కుల గడిలో పదకొండు చోట్లా ఆవిడే రాసింది, శ్రద్ధ లేదని.

సంతకానికి ముందు పిల్లల వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి. మాతృభాషలు చూస్తే హిందీ, బెంగాలీ, తెలుగు. తండ్రుల పనులు చూస్తే మేస్త్రీ, రిక్షా, గార్డు. ఏవీ కలవలేదు. చిరునామా మాత్రం పదకొండు మందికీ ఒక్కటే, బడి వెనక రైలు పట్టాల పక్కనున్న బస్తీ. లెక్కల మనిషి ఇలాంటిది చూస్తే ఊరుకోదు. హాజరు పట్టీ తిరగేసింది. సోమవారం, బుధవారం, శుక్రవారం. ఏడాది పొడుగునా ఆ మూడు రోజులే మొదటి పీరియడ్‌కి లేరు.

బుధవారం పొద్దున్నే సగం రోజు సెలవు పెట్టి బస్తీకి వెళ్ళింది. నీళ్ళ ట్యాంకర్ నిలబడి ఉంది. దాని చుట్టూ పైపులు, బకెట్లు, తిట్లు. ఆ గుంపులో స్కూలు చొక్కాలతో తన పదకొండు మందీ. భానుశ్రీ అనే పిల్ల ఆవిణ్ణి చూసి బిక్కచచ్చిపోయింది.

"మేడమ్, ఆజ్ పానీ కా దిన్ హై" అంది గొణుగుతూ, ఇవాళ నీళ్ళొచ్చే రోజని.

పాలమూరు నుంచి కూలికి వచ్చిన వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ ఆ రోజు బడి వదిలే వేళకి పరుగెత్తుకొచ్చింది. "పిల్లను బడిలకెల్లి తియ్యకుండ్రి టీచరమ్మా. ఆరు గొట్టంగనె నేను కోఠీలల్ల, అవే పెద్ద బంగ్లలల్ల పనికి పోవాలె. నీళ్ళెవరు పడ్తరు? ట్యాంకరేమో ఎనిమిదిన్నరదాంక ఉంటది."

సువార్తకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ రాత్రి అన్నం సయించనంత. శ్రద్ధ లేనిది పిల్లలకా, తనకా? మర్నాడు సంతకం లేని కాగితం తిరిగిచ్చేసింది.

"వీళ్ళని ఇక్కడే ఉంచండి. లెక్కలు చివరి పీరియడ్‌కి మార్చండి."

ఛాయాదేవి నోరు వెళ్ళబెట్టింది. "చివరి పీరియడా? మీరా? ఫలితం పడిపోతే?"

"నా పేరు మీద రాసుకోండి. మూడేళ్ళలో రిటైరవుతాను. ఆ మచ్చ నేనే మోసుకుపోతాను."

"ఠీక్ హై" అంది ఛాయాదేవి, ఎంతమాత్రం ఠీక్‌గా లేని మొహంతో.

డ్రాయింగ్ టీచరు ఎగిరి గంతేసి పీరియడ్ మార్చుకుంది. ఇక సువార్త అవస్థ మొదలైంది. పన్నెండింటికి పిల్లలు నిజంగానే జోగుతున్నారు. కూర్చుంటే నిద్రొస్తుందని అందర్నీ నిలబెట్టి, గోడల నిండా సుద్దముక్కలతో లెక్కలు చేయించింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఏడాది తిరిగేసరికి పదకొండు మందీ తొమ్మిది గట్టెక్కి పదిలోకి వచ్చారు. ఒకరోజు ఘనపరిమాణం చెబుతూ బోర్డు మీద ట్యాంకర్ బొమ్మ గీసి, నలభై ఇళ్ళకి పంచితే తలా ఎన్ని లీటర్లని అడిగింది. ఏడాదంతా నోరు విప్పని భానుశ్రీ చెయ్యెత్తింది.

"మేడమ్, నిండుగా రాదు. ముప్పావే వస్తుంది. ముందు ఆ పావు తియ్యాలి."

తీసి, లెక్క కట్టి చూపించింది. సువార్త ఆ పిల్లని తిట్టడం మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

ఈ మేలో పదో తరగతి ఫలితాలు మధ్యాహ్నం వచ్చాయి. సువార్త స్టాఫ్‌రూములో పదకొండు నంబర్లూ ఒక్కొక్కటే కొట్టి చూసింది. తర్వాత చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బస్తీకి నడిచింది. ఎండాకాలం కదా, పొద్దున రావాల్సిన ట్యాంకర్ అప్పుడే వచ్చినట్టుంది, పిల్లలు పైపులు పట్టుకుని నిలబడ్డారు.

"పాసయ్యారే! పదకొండు మందీ పాసయ్యారు! భానూ, లెక్కల్లో నీకు ఎనభై మూడు!"

బస్తీ బస్తీ అంతా అరిచింది. లైనులో జానెడు చోటుకి జుట్లు పట్టుకునే ఆడవాళ్ళు పక్కకి జరిగి పిల్లల చేతుల్లోంచి పైపులు తీసుకున్నారు. రాజేశ్వరమ్మ ఏడుస్తూనే కూతురి బకెట్ లాక్కుంది. "ఇడ్సిపెట్టు బిడ్డా. ఇయ్యాల నువ్వు ముట్టొద్దు."

ఫోన్ మోగింది. ఛాయాదేవి. "తొంభై ఆరు శాతం మేడమ్! వచ్చే ఏడు మీకు మొదటి పీరియడ్ తిరిగి ఇచ్చేస్తాను."

"వద్దండీ, రిటైరయ్యేదాకా చివరిదే ఉంచండి" అని పెట్టేసింది.

రాజేశ్వరమ్మ చెంబు నిండా నీళ్ళు పట్టి తెచ్చింది. "ఫస్టు చెంబు మీకే టీచరమ్మా."

ట్యాంకర్ నీళ్ళు కాచకుండా తాగొద్దని యేసుదానం పెళ్ళయిన నాటి నుంచీ పోరుతూనే ఉన్నాడు. సువార్త చెంబెత్తి చుక్క మిగల్చకుండా తాగేసింది.