నౌతపాలో నోవహు ఓడ

నోవహు కట్టిన ఓడ లోకాన్ని ముంచిన నీళ్ళమీద తేలింది. నేను కట్టిన ఓడ నీటిచుక్క చూడకుండానే మా సంఘాన్నంతా ముంచింది. నమ్మకపోతే రాయపూర్‌లో పాత తెలుగు క్రైస్తవులెవరినైనా అడగండి. నా పేరు చెప్పనక్కర్లేదు, తారు టీచరు అంటే చాలు.

అప్పుడే నర్సు ఉద్యోగంలో చేరాను. డాక్టరు చీటీలో రాసింది రాసినట్టు చేస్తే రోగి బతుకుతాడని మాకు నేర్పారు. లోకంలో అన్నిటికీ అదే మందు అనుకునేదాన్ని. నన్ను ఆదివారం బడి టీచరుగా పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలియదు, పాపం.

మాకు సొంత గుడి లేదు. మేముండే గుఢియారీ నుంచి రిక్షాలెక్కి శంకర్ నగర్ దాకా పోయి, హిందీ సంఘం వారి గుడిలో మధ్యాహ్నం మూడింటికి ఆరాధన చేసుకునేవాళ్ళం. పొద్దుటి వేళంతా వాళ్ళది. మే నెలలో ఆ రేకుల కప్పు కింద కూర్చున్నవాళ్ళకు నరకం గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు. మాకూ ఉదయం వేళ ఇప్పించమని బిషప్పు గారిని అడగాలని మా సంఘ పెద్ద, రైల్వే గార్డు దేవదానం గారు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. ఆ బిషప్పు గారే పిల్లల సెలవుల బైబిలు తరగతుల ముగింపుకు వస్తున్నారని కబురొచ్చింది.

"చూడమ్మాయ్, ఆయన మనసు కరగాలి. పిల్లల చేత ఏదైనా మంచి బొమ్మ చేయించు" అన్నారు దేవదానం గారు.

తెలివున్న టీచరైతే చెప్పుల డబ్బాకి రంగు కాయితం అంటించి, ఇది ఓడ అని చెప్పి ఇంటికి పోతుంది. నేను కూలర్ల కొట్టు నుంచి మనిషి పట్టేంత అట్టపెట్టె తెప్పించాను. పిల్లలు పాత క్యాలెండర్లు కత్తిరించి ఏనుగులు, గాడిదలు, నెమళ్ళు జతలు జతలుగా తయారు చేశారు. అంతా బాగానే ఉంది. కానీ ఓడకి లోపలా బయటా కీలు పూయమని వాక్యంలో ఉంది కదా. కీలంటే తారు.

మా అమ్మ కూడా నర్సే, కానీ చీటీ చదివాక రోగి మొహం కూడా చూసే రకం. "అట్టపెట్టేగా, మైదా ఉడకేసి పూస్తే చాలదటే?" అంది.

"నోవహు మైదా పూశాడా అమ్మా?" అన్నాను. ఆ జవాబుకి ఎంత మురిసిపోయానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వానలు రాకముందే రైల్వే క్వార్టర్ల కప్పులకు తారు పూస్తున్నారు. అడిగితే ఒక డబ్బా ఇచ్చారు. సాయంత్రం పూశాను, తెల్లారేసరికి గట్టిపడి నిగనిగలాడింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం రిక్షా ఎక్కాను. అవి నౌతపా రోజులు. ఇక్కడివాళ్ళు ఏడాదిలోని ఎండనంతా ఆ తొమ్మిది రోజులకే దాచిపెడతారు. దారిలోనే ఓడ నా చీరకి అంటుకుంది. గుడి దగ్గర దిగింది నేనో ఓడో తేల్చుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టాల్సి వచ్చింది.

బల్లమీద పాస్టరమ్మ గారి తెల్ల దుప్పటి పరిచి దాన్ని నిలబెట్టి, పైన జంతువుల్ని జతలుగా నిలిపాం. పిల్లలు పాట మొదలుపెట్టారు. పాట సగంలో ఏనుగు తారులోకి మోకాళ్ళదాకా దిగింది. రెండో చరణానికి గాడిదలు కనపడలేదు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. ఏనుగుని కాపాడదామని పాపం ఆ బిషప్పు గారు చెయ్యి పెట్టారు. చెయ్యి తీయబోతే ఓడ వెంట వచ్చింది, ఓడ వెంట దుప్పటి వచ్చింది. రెండో చేత్తో పట్టుకున్నారు. ఆ తర్వాత రెండు చేతులూ తెల్ల అంగీకి తుడుచుకున్నారు. దేవదానం గారు కిరసనాయిలు తెచ్చి ఆయన చేతులు కడుగుతూ నావైపు చూసిన చూపు ఈ జన్మకి మరిచిపోను. ఉదయం వేళ సంగతి ఆయన నోట్లోంచి బయటికే రాలేదు. అందరి ఆశా నా చేతులమీదుగా తారులో మునిగిపోయిందని నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చెమట తుడుచుకోబోయి, చేతులు చూసుకుని ఆగిపోయి, బిషప్పు గారు మెల్లగా అడిగారు, ఇక్కడ ఎప్పుడూ ఇంత వేడేనా అని.

వెనక వరసలోంచి మా అమ్మ లేచి, "సాబ్, డామర్ తో ఆజ్ పిఘలా. హమ్ లోగ్ హర్ ఇత్వార్ పిఘల్తే హై" అంది. తారు ఇవాళే కరిగింది, మేం ప్రతి ఆదివారం కరుగుతున్నాం అని.

బిషప్పు గారు తన అంగీ చూసుకున్నారు, కప్పు చూశారు, అప్పటికప్పుడే మాట ఇచ్చేశారు. మాకు ఉదయం వేళ వచ్చింది. హిందీ సంఘం వారి ఎనిమిది గంటల ఆరాధనకి అడ్డం రాకుండా, పొద్దున్నే ఆరింటికి.

జనవరి చలిలో, ఇంకా వెలుగు రాకముందే, కంబళ్ళు కప్పుకుని రిక్షాల్లో వణుకుతూ పోయే మా సంఘమంతా నన్ను తలుచుకోని ఆదివారం లేదు. ఉదయం వేళ సాధించిన ఘనత మాత్రం సర్వసభ్య సమావేశంలో దేవదానం గారికి దక్కింది, శాలువాతో సహా. ఆ చలికి అది ఆయనకి బాగా పనికొచ్చింది.

అందుకే సంఘమంతటి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఓడ కట్టను. సాక్షాత్తూ ఆకాశం నుంచే ఆజ్ఞ వచ్చినా సరే, "ప్రభువా, ఇది ఏ నెల?" అని అడిగి, మా అమ్మతో ఒకమాట చెప్పాకే బ్రష్షు ముట్టుకుంటాను.