ఒక్క క్యాచర్ కోసం గోదావరిఖని

కరీంనగర్‌లో ఓ చిన్న డిగ్రీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. ఆటలతో నాకు సంబంధం లేదు. మే నెల సెలవుల్లో ఓ స్నేహితురాలు ఫోన్‌కి ఒక జాబితా పంపింది. గోదావరిఖనిలో కాలేజీ అమ్మాయిలకు వేసవి బేస్‌బాల్ లీగ్ జరుగుతోందట. ఆరు జట్లు, జట్టుకు పదిహేను మంది. ఏ జట్టూ ఒక కాలేజీది కాదు, అందరినీ కలిపి కట్టారు. ప్రతి పేరు పక్కన ఆ అమ్మాయి చదివే కాలేజీ పేరుంది. తొంభై పేర్లలో సగానికి పైగా రెండు పెద్ద కాలేజీలవే. మా కాలేజీ ఒక్కచోటే కనిపించింది: షాహీన్, బీకాం మొదటి సంవత్సరం, క్యాచర్. రోజూ లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని నోట్సు రాసుకునే ఆ పిల్ల ఆటగత్తె అని నాకు తెలియనే తెలియదు. ఫోన్ చేసి అభినందిస్తే, "ఆదివారం సెమీస్, ఫైనల్ రెండూ ఉన్నయి మేడం. హనుమకొండ కాలేజీ కోచ్ సారు నన్ను అక్కడ చేరుమంటున్నడు. ఆ సాయంత్రంకల్ల చెప్పాలె" అంది. ఉన్న ఒక్క పేరూ పోతుందనిపించి, ఆపాలనే ఉద్దేశంతోనే బయలుదేరాను.

ఆదివారం పొద్దున పావు తక్కువ ఐదుకి బస్సెక్కాను. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్లకు వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. పెద్దపల్లి దాటేసరికి తెల్లవారింది. రామగుండం దగ్గర పొగగొట్టాలు కనిపించాక రోడ్డంతా బొగ్గు లారీలే, కిటికీ మూసుకోక తప్పలేదు. ఏడు కాకముందే గోదావరిఖని బస్టాండులో దిగి, నలభై రూపాయల పూరీ తిని ఆటో ఎక్కాను.

"బేస్‌బాల్ గ్రౌండా మేడం? మొన్నటిదాంక గాడ క్రికెటే ఆడేటోళ్లు" అన్నాడు డ్రైవరు. "గిప్పుడు మా బిడ్డ గూడ గుండ్రకట్టె కొనియ్యుమని ఒకటే లొల్లి!" ఇరవై రూపాయలు తీసుకుని గేటు దగ్గర దింపాడు.

సెమీస్ ఎనిమిదిన్నరకల్లా అయిపోయింది, షాహీన్ జట్టు సులువుగా గెలిచింది. ఆట నాకు సగమే అర్థమైంది. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటిది. ముఖానికి ఇనుప జాలీ కట్టుకుని బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుంటుంది, ఏ బంతి వేయాలో వేళ్లతో సైగ చేస్తుంది. గెలిచాక షాహీన్ పరుగెత్తుకొచ్చి, "మేడం, నిజంగనే వచ్చిండ్రా!" అని నా చేతులు పట్టుకుంది. ఆమె తండ్రి యూసుఫ్ భాయ్ లారీ మెకానిక్. ఎండ ముదరకముందే నన్ను వాళ్లింటికి భోజనానికి తీసుకెళ్లాడు.

అన్నం, ఖట్టీ దాల్, కోడిగుడ్డు కూర. సగం తిన్నాక ఆయనే మొదలుపెట్టాడు.

"మా బిడ్డ కోసం ఇంత దూరమొచ్చిండ్రు, శుక్రియా మేడం. కని ఒక్కమాట. మీ కాలేజీల గ్రౌండున్నదా?"

"లేదు."

"టీమున్నదా?"

"లేదు."

"మరేమున్నది?"

దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. "ఇప్పటికైతే మీ షాహీన్ ఒక్కతే ఉంది" అన్నాను. "అక్కడ మంచి కోచ్ ఉన్నాడు, హాస్టల్ ఉంది. వెళ్తానంటే నేను కాదనలేను." ఆపడానికొచ్చి ఆ మాట అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది. యూసుఫ్ భాయ్ ఇంకొంచెం దాల్ వడ్డించాడు. షాహీన్ తన కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఐదింటికి ఫైనల్. ఫస్ట్ షిఫ్టు దిగి కాస్త కునుకు తీసిన బొగ్గు గని కార్మికులు గోడ మీద వరసగా కూర్చున్నారు. ఈసారి నేను పొద్దుటిలా నీడకి వేసిన టెంటులో కూర్చోకుండా షాహీన్ వెనకున్న వల దగ్గర నిలబడ్డాను. చివరి ఇన్నింగ్స్‌కి వీళ్లది ఒక్క పరుగు ఆధిక్యం. ఇంకొక్క అవుటైతే గెలిచినట్టే. అవతలి పిల్ల మూడో బేస్ అనే ఆఖరి మజిలీలో ఉంది, అక్కణ్నుంచి షాహీన్ ముందున్న పలక చేరితే లెక్క సమానం. బంతి వేసే శ్రీరాంపూర్ అమ్మాయి వరసగా రెండు బంతులు పక్కకి వేసింది. షాహీన్ లేచి ఆమె దగ్గరికి వెళ్లి వస్తూ గట్టిగా అంది: "ఫికర్ చెయ్యకు. నా చేతిని చూసి వెయ్యి. మిగతాది నేను చూస్కుంట."

బ్యాటర్ కొట్టింది. మూడో బేస్ పిల్ల దూసుకొచ్చింది. దూరం నుంచి విసిరిన బంతి నేలను తాకి ఎగిరింది. షాహీన్ మోకాళ్ల మీద పడి దాన్ని గ్లవ్‌లోకి లాక్కుని, వచ్చే పిల్ల భుజానికి ఆనించింది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. షాహీన్ చెయ్యి పైకెత్తింది, బంతి చేతిలోనే ఉంది. పలక చేరకముందే బంతి తగిలిందని అంపైర్ అవుటన్నాడు. గోడ మీదున్న వాళ్లంతా ఈలలు వేశారు. నేనూ కేకేశానని తరవాత యూసుఫ్ భాయ్ చెప్పాడు.

కప్పు అందుకోగానే హనుమకొండ కోచ్ నవ్వుతూ వచ్చాడు. "ఏమాలోచించినవమ్మా?"

"మీ దగ్గర క్యాచర్లు ఎంతమంది సార్?"

"ముగ్గురు."

"నేను నాలుగోదాన్ని. వచ్చే ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడనిస్తరు?"

ఆయన నిజాయితీపరుడు. "మొదటి ఏడాది మాటియ్యలేనమ్మా."

"నేను కూసోలేను సార్, ఆడాలె" అని షాహీన్ నావైపు తిరిగింది. "మేడం, తొమ్మిది మందుంటె టీమైతది. పిల్లలను నేను జమ చేస్త. ప్రిన్సిపాల్ సారుతోని మీరు మాట్లాడుండ్రి."

యూసుఫ్ భాయ్ తల గోక్కున్నాడు. "గిది నా మాట ఎన్నడిన్నది సార్" అన్నాడు, కానీ ఆ గొంతులో గర్వం దాగలేదు. కోచ్ షాహీన్ తల మీద చెయ్యి వేసి, "అయితే మా మీదికే ఆడనికి రా" అన్నాడు.

ఏడింటి బస్సులో కూర్చుని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, పిల్లలు ఆడేందుకు జాగా అడిగాను. "మన వెనక జాగాలో సర్కారు తుమ్మలున్నాయి కదమ్మా" అన్నారాయన. "కొట్టిద్దాం సార్" అన్నాను. జూన్‌లో కొట్టించాం. ఇప్పుడు వారానికి మూడు పొద్దులు పదకొండు మంది అక్కడ ఆడుతున్నారు.

కాలేజీ పేరు నిలబెట్టమని పిల్లల్ని అడగడం నాకు అలవాటు. ఆ పేరుకి నేనేం చేశానని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక పూటలో అడిగించింది. మీరూ ఆ లీగ్ చూడ్డానికి వెళ్తే సాయంత్రం ఆటకి గొడుగు, రెండు సీసాల నీళ్లు పట్టుకెళ్లండి, నీడ ఉందని టెంటులో మాత్రం కూర్చోకండి. క్యాచర్ వెనక వల దగ్గర నిలబడండి. ఆట అక్కణ్నుంచే వినిపిస్తుంది.