ఎడమచేతి ముడి

మా మేనత్త పోయింది. రెండు వారాల కిందట, బుధవారం ఉదయం విజయనగరంలో నా జిరాక్స్ షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, నౌపడ దగ్గరి మా ఊరి నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. "అక్క ఎల్లిపోనాదమ్మా" అన్నాడు, అంతే. షట్టర్ దించేసి దొరికిన రైలెక్కాను.

దారంతా ఏడ్చాను. అయితే పలాస వైపు వెళ్ళే ఆ బండిలో, పక్కన ఎవరో చేపల బుట్ట దించుతుంటే, నాకు నవ్వొచ్చేసింది. ఎదుటి సీటావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఏం చెప్పను ఆవిడకి? నాకు ఫోన్ చేసిన ఆ చిన్నాన్న బతికే ఉన్నాడని మూడేళ్ళపాటు నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒక్కర్తే, ఆ మనిషే ఇప్పుడు లేదు. అందుకే ఏడుపు గొంతుతో ఇది రాయడం నా వల్ల కావడం లేదు. ఆవిడని తలుచుకుంటే లేచి పరిగెత్తాలనిపిస్తుంది.

అత్త ఎండుచేపలు అమ్మేది. వారానికి రెండుసార్లు బుట్టతో రైలెక్కి విజయనగరం వచ్చేది, అమ్మకం అయ్యాక నా షాపు మెట్టు మీద కూర్చునేది. ఆ గొంతుకి జిరాక్స్ మిషన్ చప్పుడు వినపడేది కాదు. నాయనమ్మ తొందరగా పోతే, పదేళ్ళ వయసులోనే ఇంటి వలలు బాగుచేసే పని ఆవిడ మీద పడిందట. ఆవిడది ఎడమచేతి వాటం. వల ముడి అందరిదీ ఒకవైపు వాలితే అత్తది ఇంకోవైపు వాలేది. తాత చూసి, "ఇదేటే, అన్నీ ఎనక్కి తిరిగున్నాయి?" అనేవాడట. "సేప ముడి ఎటు తిరిగిందో సూసుకుని పడతాదేటి?" అని అత్త జవాబు. ఇంటికి ఆఖరివాడైన చిన్నాన్నని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే ముడి నేర్పింది. వాడిది కుడిచేతి వాటమే అయినా, అక్క చెయ్యి ఎటు తిరిగితే అటే తిప్పడం అలవాటైపోయింది.

పెద్దయ్యాక చిన్నాన్న వెల్డింగ్ నేర్చుకుని చేపల వేట మానేశాడు. మెక్సికోలో ఓడరేవు పని, మంచి జీతం అని ఒక ఏజెంటు చెబితే, కొత్తవలసకి చెందిన ఇంకొకతనితో కలిసి విమానం ఎక్కాడు. రెండు నెలలు ఫోన్లు వచ్చాయి. తరవాత ఇద్దరి ఫోన్లూ ఒకేరోజు ఆగిపోయాయి. ఏజెంటు ఆఫీసుకి తాళం పడింది. చిన్నాన్న ఫోన్లో చెప్పిన ఊళ్ళ పేర్లు కంప్యూటర్లో కొట్టి చూశాను. మత్తుమందుల ముఠాలు కొట్టుకునే చోటు అది. మనుషుల్ని దారి మీద బస్సుల్లోంచే దించి తీసుకుపోతారట.

అక్కడి నుంచి నా షాపు షాపు కాదు, అత్త కచేరీ. ప్రతి శుక్రవారం కొత్తవలస అతని భార్య వచ్చేది. అర్జీలు నేను టైపు చేసేదాన్ని, అత్త నిలబడి చెప్పేది. 'మిమ్మల్ని వేడుకుంటున్నాము' అని రాస్తే ఒప్పుకునేది కాదు. "ఏడుకోడమేటి? ఎతకమని సెప్పు. ఆళ్ళ పనే అది" అనేది. ఏ ఆఫీసు మెట్లెక్కినా బుట్ట బయట పెట్టేది కాదు. వాసనకి గుమాస్తాలు మా పని బేగి తేల్చేసేవాళ్ళు. అది కావాలనే చేసేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండో ఏడు దాటాక ఊరి పెద్దలు వచ్చారు, మా నాన్న కూడా వాళ్ళలో ఉన్నాడు. వేటకెళ్ళి రానివాళ్ళకి మా దగ్గర కొన్నాళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిస్తారు. అదే చేసేద్దామన్నారు. అత్త లేచి నిలబడింది. "ఆడు సముద్రంలోకి ఎల్లినాడేటి? ఇమానంలో ఎల్లినాడు. సముద్రం లెక్క ఆడికి ఎందుకు?" అంది. తరవాత మెల్లగా, "కబురు రాకపోతే కబురు తెచ్చేవోడు దొరకలేదని అర్దం. నేనే తెస్తాను" అంది. పెద్దలు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

కబురు తెచ్చే మనిషి నిజంగానే దొరికింది. మెక్సికోలో, తప్పిపోయిన పిల్లల్ని చంపి పాతిపెట్టారేమోనని పారలు, ఇనప ఊచలు పట్టుకుని పొలాలు తవ్వుతూ తిరిగే తల్లులున్నారు. ఇంటర్నెట్‌లో వాళ్ళ పేజీలకి నేను యాభై మెసేజులు పెడితే ఒకావిడ జవాబిచ్చింది. ఆవిడ కొడుకు లారీ డ్రైవరు, ఐదేళ్ళుగా లేడు. మనకి పొద్దున్న, వాళ్ళకి సాయంత్రం. ఫోన్లో ఉండే అనువాదంతో మాట్లాడుకునేవాళ్ళు. మొదటి రోజు అత్త బుట్టలోంచి ఎండు నెత్తళ్ళు తీసి చూపించింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఎండుమిరపకాయల దండ తెచ్చి చూపించింది. "ఓలమ్మో, మన మనిషే!" అని అత్త చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఆవిడ మాకు 'అక్కడి అమ్మ'.

అక్కడి అమ్మకి చిన్నాన్న ఫొటో పంపాం. ఆ తల్లులు దాన్ని పెద్దది చేయించి ఆసుపత్రులు, జైళ్ళు, బస్టాండ్లు తిరిగారు. పది నెలలు తిరిగారు. ఒకరోజు ఆవిడ, "మీవాడంత తెల్లటివాడు ఇక్కడికి వస్తే అందరికీ గుర్తుంటాడే!" అంది. అత్తా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆ ఫొటో పెళ్ళిచూపుల కోసం టెక్కలిలో తీయించింది. స్టూడియోలో అందరికీ చేసినట్టే వాడికీ ముఖం తెల్లగా చేసి, బుగ్గలు నున్నగా చేసి, చెంప మీద మచ్చ తీసేసి ఇచ్చారు. మా కళ్ళు దానికి అలవాటుపడిపోయాయి! బొగ్గులాంటి చిన్నాన్న కోసం పాపం ఆ తల్లులు పది నెలలు పెళ్ళికొడుకుని వెతికారు. అత్త ఆ మధ్యాహ్నమే టెక్కలి వెళ్ళి స్టూడియోవాణ్ణి కెమెరా ముందు కూర్చోబెట్టి అరగంట తిట్టింది. తిరిగొచ్చాక నవ్వు మొదలై ఆగలేదు, నవ్వులోంచే ఏడుపు వచ్చేసింది. వల లాగుతూ చొక్కా లేకుండా ఉన్న ఫొటో వెతికి పంపాం.

ఆ తరవాత అక్కడి అమ్మ ఏ వీడియో తీసినా మాకూ పంపేది. ఒక శుక్రవారం వచ్చిన వీడియోలో ఒక ఆశ్రమం, ముఠాల నుంచి తప్పించుకుని దిక్కులేకుండా తిరిగేవాళ్ళకి అన్నం పెట్టేచోటు. గిన్నెలు, బల్లలు, ఎవరిదో పుట్టినరోజు పాట. నేను కస్టమర్‌కి కాగితాలు లెక్కపెడుతున్నాను.

"ఆపు! ఒలే ఆపు! ఎనక్కి తిప్పు!"

తిప్పాను. రెండు స్తంభాల మధ్య కట్టిన తాళ్ళ ఊయల కనిపించింది, వలలాగే అల్లింది. మధ్యలో చిరిగిన చోట ఎవరో కొత్త తాడుతో బాగుచేశారు. అత్త ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుంది.

"ఆడు ఉన్నాడే. ఆడు అక్కడే ఉన్నాడు. ముడి ఎనక్కి తిరిగుంది, సూడు."

"అత్తా, అక్కడ ఎడమచేతివాళ్ళు ఉండరా?"

"ఉంటారు. మరి మూడు వలకళ్ళకి ఓపాలి జోడుముడి ఎవలేస్తారే? జారిపోతే మా అయ్య తిడతాడని నేను ఏసుకున్న దొంగముడి అది. నాకూ ఆడికీ తప్ప దేవుడిక్కూడా తెల్దు!"

వీడియో పెద్దది చేసి లెక్కపెట్టాం. ఒకటి, రెండు, మూడోది జోడు. ఒకటి, రెండు, మూడోది జోడు. కస్టమర్ కూడా వంగి మాతోపాటు పైకే లెక్కపెట్టాడు. నాలుగో జోడు దగ్గర కొత్తవలస ఆవిడ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ళ గుర్తులు వారం ఉన్నాయి.

అక్కడి అమ్మ రాత్రంతా బస్సులో వెళ్ళింది. మర్నాడు సాయంత్రం మా ఫోన్లో గెడ్డం, జడలు కట్టిన జుట్టుతో ఒక మనిషి. కాగితాల్లేవు, ఇంకేదో పేరు చెప్పుకుని ఉంటున్నాడని అక్కడి అమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే ముఠావాళ్ళు కనిపెట్టి తీసుకుపోతారన్న భయంతో ఎవరికీ చేయలేదు. అత్త చూసి చూసి, "ఒరే, ఆ గెడ్డమేట్రా ఎదవా, తీసీ! తిన్నావా?" అంది. అప్పుడు ఏడ్చాడు మా చిన్నాన్న. నేను షాపులోంచి రోడ్డు మీదకి పరిగెత్తి, ఎవరో తెలియని ఆటో డ్రైవర్‌కి "దొరికాడు" అని చెప్పాను. అతను "మంచిదమ్మా" అన్నాడు.

కాగితాలు తేలి మనిషి ఇల్లు చేరడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. వచ్చాక చిన్నాన్న ఒక్కటే చెప్పాడు. ముఠావాళ్ళు పట్టుకుపోయి, తూటాలు దూరకుండా లారీలకి ఇనప రేకులు అతికించే పని బలవంతంగా చేయించారు, కొత్తవలస అతన్నీ తననీ మొదటి వారంలోనే విడదీశారు. అంతకుమించి ఎవరడిగినా లేచి బయటికి పోయేవాడు. అత్త ఎవర్నీ అడగనిచ్చేది కాదు. "ఆడు సెప్పిననాడే ఇందాం" అనేది. అయినా శుక్రవారాలు మానలేదు. తమ్ముడు ఇంట్లో ఉండగానే రైలెక్కి వచ్చి, కొత్తవలస ఆవిడ పక్కన కూర్చుని, అక్కడి అమ్మ పంపిన వీడియోలు ఒక్కొక్కటీ మూడుసార్లు చూసేది. ఫోన్ తెర మీద తమ్ముడి బొమ్మ తీయించేసి అక్కడి అమ్మ కొడుకు, ఆ లారీ డ్రైవర్ బొమ్మ పెట్టించుకుంది. ఎందుకత్తా అంటే, "నాకు ఎతికిపెట్టింది కదే. మరి నేను ఎతకొద్దా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కాళ్ళకి మొక్కాలనిపించింది, మొక్కలేదు. ఇప్పుడు బాధపడుతున్నాను.

పెద్దకర్మ నాడు పొద్దున్న, వంటలు మొదలుకాకముందే అత్త ఫోన్ మోగింది, నేనే ఎత్తాను. అక్కడి అమ్మ. వెనక పదిమంది తల్లులు, అత్త పోయిందన్న నా మెసేజ్ చూసి అందరూ తలల మీద గుడ్డలు కప్పుకున్నారు. ఆ ఫోన్ మోగితే ఎప్పుడూ బయటికి పోయే చిన్నాన్న లోపలికి వచ్చాడు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. వాళ్ళ భాషలో, మెల్లగా, వెతుక్కుంటూ మాట్లాడాడు. మేం ఆ భాష అతని నోట వినడం అదే మొదలు.

తరవాత పెన్ను అడిగాడు. దగ్గర్లో కాగితం లేదు, పెద్దకర్మ కార్డులు మిగిలి ఉన్నాయి. ఒకటి తిరగేసి, వెనక తెల్లటి వైపు గీత గీశాడు. "ఇది రోడ్డు" అన్నాడు, మాకోసం తెలుగులో కూడా. "ఇక్కడ నీళ్ళ టాంకీ. ఇయి మూడు రేకుల సెడ్లు. నన్ను ఇందులో పెట్టినారు. కొత్తవలసోడినీ మిగతావోళ్ళనీ ఈ పక్కకి తోలినారు." కొత్తవలస ఆవిడ గాలికి కదలకుండా కార్డు అంచు వేలితో నొక్కి పట్టుకుంది. చిన్నాన్న గీయడం ఆపలేదు. ఫోన్లో తల్లులందరూ తెర మీదకి వంగారు. అక్కడి అమ్మ నోట్‌బుక్ తెరిచింది, గబగబా గీసింది, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పమంది. చిన్నాన్న ఇంకో కార్డు తిరగేసి, పెన్ను మొదటి రోడ్డు దగ్గర పెట్టాడు.