ముత్తెమ్మ మరణ దాఖలా

మా ఊరి కాగితాల ప్రకారం ముత్తెమ్మ డెబ్బై రెండు కరువులో చనిపోయింది. ఆ చావు రాసింది నేను. ఆ తర్వాత ఏడేళ్లకు కూడా ఆవిడ మా ఇంట్లో జొన్నలు చెరిగి పెట్టింది, మా ఆవిడతో కూర్చుని చాయ్ తాగింది. గొప్పగా చెప్పుకునే సంగతి కాదిది. కానీ అసలు విషయం తెలిసినవాళ్లలో మారోతి పాటిల్ నోరు విప్పడు, ముత్తెమ్మ చెప్పినా వినేవాళ్లు లేరు. ఇక మిగిలింది నేనే.

మాది మహారాష్ట్రలో, భోకర్ నుంచి తెలంగాణ వైపు పోయే రోడ్డు మీద ఊరు. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ మరాఠీ. హన్మాండ్లూ నేనూ నాలుగో తరగతి దాకా ఒకే చాప మీద కూర్చుని చదివాం. నేను బడిపంతులునయ్యాను. వాడు యాభై తొమ్మిదిలో నాందేడ్‌లో మిలిటరీ భర్తీకి నిలబడి సిపాయి అయ్యాడు. అప్పటికి ఏడాది కిందటే ముథోల్ పక్క ఊరి పిల్లతో వాడికి పెళ్లయింది. పిల్ల ఇంకా కాపురానికి రాలేదు.

భర్తీలో పేర్లు రాసుకునే బాబు వాడిని భార్య పేరు అడిగాడట. మా దగ్గర మొగుడు పెళ్లాం పేరు పలకడు, పెళ్లాం మొగుడి పేరు అసలే పలకదు. వీడు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. బాబు గట్టిగా కసిరితే అప్పుడు 'ముత్తెమ్మ' అన్నాడు.

"జన్మల గదొక్కసారే ఆమె పేరు నోట్లకెళ్లి తీసిన గురుజీ," అని తర్వాత ఎన్నిసార్లో చెప్పి నవ్వేవాడు. కలిసి చదువుకున్నా, నాకు ఉద్యోగం వచ్చాక వాడు నన్ను గురుజీ అనే పిలిచేవాడు.

అరవై ఒకటిలో వాడు సెలవు మీద వచ్చినప్పుడు పిల్లను కాపురానికి తెచ్చారు. మరాఠీ వాళ్ల పక్కన తరతరాలుగా ఉండి మేమూ పట్టుకున్న ఆచారం ఒకటుంది. కోడలు గడప దాటగానే పళ్లెంలో బియ్యం పరిచి, అందులో పెళ్లికొడుకు చేత ఉంగరంతో కొత్త పేరు రాయిస్తారు. హన్మాండ్లు వాళ్లమ్మ చెప్పిన పేరు రాశాడు. ఇందు. ముసలమ్మ ఆ బియ్యాన్ని చేత్తో కలిపేసి, వచ్చిన ఆడవాళ్లందరికీ వినపడేలా అన్నది: "ముత్తెమ్మ గా వాగవతలనే ఉండిపాయె. మా ఇంట్లకు ఇందుబాయి అచ్చింది."

అంతే. రేషన్ కార్డులో ఇందుబాయి, ఓటర్ల జాబితాలో ఇందుబాయి, మరుసటేడు పుట్టిన కూతురి బడి దాఖలాలో తల్లి పేరు ఇందుబాయి. ఈ సంగతి మిలిటరీ వాళ్లకు రాయాలని ఎవరికీ తోచలేదు. కోడలికి పేరు మారడం కూడా ఒకరికి చెప్పే విషయమా?

రెండు యుద్ధాలు చూసి డెబ్బై అయిదులో హన్మాండ్లు పింఛను మీద ఇంటికొచ్చాడు. మనిషి వచ్చాడు గాని ఛాతీ చెడిపోయి వచ్చింది. కూతురికి సగరోళి దగ్గర సంబంధం చూసి పెళ్లి చేశాడు. డెబ్బై ఎనిమిదిలో నాందేడ్ పెద్దాసుపత్రి డాక్టరు ఏం చెప్పాడో గాని, ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా బడికొచ్చి, సంచిలోంచి సర్వీసు పుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"గురుజీ, నేను ఎక్కువ దినాలు ఉండ. నేను పోతె ఆమెకు సగం పింఛనన్న రావాలె. భూమా పుట్రా? గీండ్ల ముత్తెమ్మ అని ఉన్నది. ఇందుబాయి అని చేపియ్యుండ్రి."

మా ఊళ్లో అర్జీ రాయాలంటే నేనే. నా దస్తూరి మీద నాకు మహా గర్వం. హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం రాశాను: భార్య పేరు ముత్తెమ్మకు బదులుగా ఇందుబాయి అని మార్చగలరు. ఇద్దరూ ఒకే మనిషి అని రాయలేదు. బియ్యంలో పేరు రాసే ఆచారం గురించి రాయలేదు. ఈ చుట్టుపక్కల నూరు ఊళ్లలో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి మిలిటరీ రికార్డాఫీసుకు తెలియదని నా బుర్రకు తట్టలేదు.

నాలుగు నెలలకు జవాబుగా ఒక ఫారం వచ్చింది. మొదటి భార్య ముత్తెమ్మ: జీవించి ఉన్నది, విడాకులైనది, మరణించినది. వర్తించనివి కొట్టివేయండి.

భోకర్‌లో వకీలును అడిగాను. రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దారు ముందు ప్రమాణపత్రం చేయాలన్నాడు. పుట్టింటి పెద్దల్ని సాక్ష్యానికి తేవాలన్నాడు, పేపర్లో ప్రకటన వేయాలన్నాడు. మూడు నెలలు పడుతుందట. హన్మాండ్లు అప్పటికే నెత్తురు కక్కుతున్నాడు. అన్ని నెలలు ఎవరు తిరుగుతారని నాకనిపించింది. నిజం చెప్పాలంటే వాడి రోగం కన్నా నా బద్ధకమే పెద్దది.

"మరణించినది అని రాద్దాం," అన్నాను.

హన్మాండ్లు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఉన్న మనిషిని సచ్చిందని రాస్తమా గురుజీ?"

"మనిషిని కాదురా, పేరును. ముత్తెమ్మ వాగవతలనే ఉండిపోయిందని మీ అమ్మ అనలేదా?"

ఆ మాట నాకే ఎంతో తెలివిగా వినిపించింది. వాడు మళ్లీ మంచం మీద వాలాడు. చదువుకున్నవాడినని నన్ను నమ్మాడు.

మారోతి మా ఊరి పోలీస్ పాటిల్, ఊళ్లో చావుపుట్టుకలు రాసేది అతనే; నాకు వరసకు బావ. నా మాట కాదనలేక మరణ దాఖలా రాసిచ్చాడు. తేదీ నేనే చెప్పాను, డెబ్బై రెండు చైత్రం. ఆ కరువులో పోయినవాళ్ల లెక్క ఎవరడుగుతారని నా ధీమా. కింద సమాచారం ఇచ్చినవారి వేలిముద్ర కావాలి. ఇందుబాయిని పిలిచాం. రొట్టె పిండి అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవలు సచ్చిండ్రు గురుజీ?"

చెప్పాను. ఆమె మొగుడి వైపు చూసి నవ్వింది. "నేనేనా?" అని వేలు ముందుకు చాపింది.

ఇందుబాయి పేరుకు రుజువుగా కూతురి బడి దాఖలా కూడా జతచేసి కాగితాలు పోస్టులో వేశాను. రెండో నెలలో ఒక మధ్యాహ్నం హన్మాండ్లు పోయాడు. పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని "మారిందా?" అని అడిగాడు. మారిందన్నాను. అప్పటికి ఏ జవాబూ రాలేదు.

పదమూడో రోజు దాటాక వచ్చింది. మొదటి భార్య మరణం డెబ్బై రెండులో. ఇందుబాయి పేరు బడి దాఖలాలో, కూతురు బడిలో చేరిన అరవై ఎనిమిది నుంచే ఉంది. కాబట్టి మొదటి భార్య బతికుండగానే తెచ్చుకున్న రెండవ స్త్రీ. ఆ వివాహం చెల్లదు, కుటుంబ పింఛనుకు అర్హత లేదు. తప్పని చెప్పడానికి అందులో ఒక్క ముక్క లేదు. అన్నీ నేనిచ్చిన తేదీలే.

ఆ కాగితం నేను చదివి చెప్పలేకపోయాను. మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, ఆమె అడిగిన తర్వాత చెప్పాను.

"రెండో ఆడిదాన్నా?" అన్నది ఆమె. "ఎవలకు గురుజీ?"

నేను కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"మరి ముత్తెమ్మ సావలేదు, గామె నేనే అని రాయుండ్రి. మా తమ్ముని పిలిపిస్త. ముథోల్ దిక్కు ఊరంత అచ్చి చెప్తది."

"వదినె, గట్ల రాస్తె దొంగ దాఖలా ఇచ్చినందుకు మారోతి జైలుకు పోతడు. నా నౌకరీ పోతది. నువ్వు వేలిముద్ర ఏసినవు, నిన్ను గూడ విడువరు."

చివరి మాట ఆమెను భయపెట్టడానికే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె భయపడలేదు. ముద్ర వేసిన వేలు చూసుకుంటూ అన్నది:

"ఆయన నన్ను ఒక్కనాడు పేరు పెట్టి పిలువలే గురుజీ. ఒక్కసారే చెప్పిండట, మిలిటరీల. గది నాకు శాన ఇష్టముండె. గా పేరును గూడ నాతోనే సంపిచ్చిండ్రు గదా."

లేచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మా ఇంటికి రాలేదు. మా ఆవిడ కబురు పెట్టినా రాలేదు. ముద్ఖేడ్ రోడ్డు పనిలో కంకర మోస్తోందని ఎవరో చెప్పారు.

నేను అర్జీ రాయలేదు. వకీలు దగ్గరికి మళ్లీ పోలేదు. తొంభై ఎనిమిదిలో రిటైరయ్యే ముందు నా సర్వీసు పుస్తకం తెచ్చుకుని చూసుకున్నాను. అందులో నా భార్య పేరు ఉమాబాయి అని, పుట్టింట్లో పెట్టిన పేరు ఫలానా అని, ఇద్దరూ ఒకరేనని, తహసీల్దారు ముద్రతో సహా ఉంది. హన్మాండ్లు పోయిన ఏడాదే భోకర్ కచేరీకి నాలుగుసార్లు తిరిగి నేనే చేయించుకున్నాను.