అడుగు బస్తా కందులు

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నేను చెప్పడం లేదు. పోకపోయినా చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఇది నా గుండెల మీద తిరగలి రాయిలా కూర్చుంది. దింపకపోతే ఊపిరాడదు. మీరు నాకేమీ కారు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది పల్లపు ప్రాంతం. అనంతగిరి దాటాక, కొండల్లో సంత జరిగే చోట, నాకు ఎరువులు, విత్తనాల కొట్టు ఉంది. ప్రతి కొట్టులోనూ అడుగు బస్తా ఒకటి ఉంటుంది. కొత్త సరుకు పైకి చేరుతూ ఉంటే పాతది కిందికి దిగిపోతుంది. పెద్ద బేరగాడికి అది చూపించం. చూపిస్తే మళ్లీ మన గడప తొక్కడు. కుంచెడూ మానెడూ కొనేవాళ్లకు ఆ బస్తాయే విప్పుతాం. ఇది నాకెవరూ చెప్పి నేర్పలేదు. పక్క కొట్టువాళ్లను చూసి నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని కూడా తెలియలేదు.

చిలకమ్మ కొండ మీది ఊరి నుంచి వచ్చింది. ఇంట్లో దాచుకున్న కంది విత్తనానికి పురుగు పట్టిందట, కుంచెడు కావాలంది. కాఫీ తోట మేనేజరు ఆ పొద్దున లారీ సరుకు మాట్లాడుతూ నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు టీ తెప్పించాను. ఆమె మెట్ల మీద ఎండలో నిలబడింది. ఆయన వెళ్లాకే ఆమె నా కంటికి కనబడింది. మంచివే ఇయ్యమంది, దేవుడి ముందు పెట్టేవంది. అడుగు బస్తా కందులు జల్లించి, పురుగు పోగొట్టి, మెరుపు రావడానికి ఆముదం పట్టించి ఇచ్చాను. మంచివే అన్నాను.

ఎందుకిచ్చాను? కొత్త విత్తనం లేకనా? ఉంది, పక్కనే ఉంది. కుంచెడు కోసం కొత్త బస్తా కుట్టు విప్పబుద్ధి కాలేదు. అంతే. బద్ధకమని సరిపెట్టుకోవాలని చాలాసార్లు చూశాను గానీ, అదే కుంచెడు మేనేజరు అడిగి ఉంటే నేనే కత్తెర అందుకుని కుట్టు విప్పేవాణ్ణని నాకు తెలుసు. అది బద్ధకం కాదు, చులకన.

వాళ్ల ఊళ్లో ఏటా ఒక ఇంటివాళ్లు విత్తనాల పండుగకు దేవుడి ముందు కందులు పెడతారు. ఆ ఏడు వంతు ఆమెది. పూజయ్యాక ఇంటికి పిడికెడు చొప్పున పంచుకుని, ఎవరి చేలో వాళ్లు ముందు అవే చల్లుతారు. అవి మొలిస్తే ఏడాదంతా బాగుంటుందని నమ్మకం. అన్నేళ్లు అక్కడ వ్యాపారం చేసి ఈ సంగతి నేను కనుక్కోనైనా లేదు. కుంచెడు కందులేగా, పోతే ఒక్కరివే పోతాయనుకున్నాను. ఊరందరి చేలోనూ పోయాయి. వానలు పడ్డా ఆ పిడికెడు ఎక్కడా మొలకెత్తలేదు.

చిలకమ్మ మళ్లీ వచ్చింది.

“సావుకారీ, ఆ కందులు మంచివేనా?”

“నా కందులకేటి? మీ దేవుడికే కోపమొచ్చినట్టుంది.”

“నా సెయ్యి మంచిది కాదంతన్నారు. ఇత్తనం ముట్టనీడం నేదు. ఒక్కపాలి ఊళ్లోకొచ్చి సెప్పు సావుకారీ, అవి నీ కొట్లోవని.”

“బేరాల టైములో ఏటిది? ఎల్లు, ఎల్లు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కసిరాను. ఆమె నన్ను దొంగ అనలేదు. సాక్ష్యం చెప్పమంది, అంతే. ఆ తర్వాత ఏ పండుగలోనూ ఆమెను విత్తనం పెట్టనివ్వలేదు. తన చేలో కూడా వేరేవాళ్లే చల్లుతారట. ఇప్పుడు సంతలో చీపుర్లు అమ్ముతుంది.

తోటి కొట్టువాళ్లంటారు: కొనేవాళ్లకు బుద్ధి ఉండొద్దా, నాలుగు గింజలు నానబెట్టి చూసుకోవద్దా? చూసుకోవాలి, నిజమే. అయితే ఆమె అడిగింది, నేను మంచివే అన్నాను. అడిగాక తప్పు అడిగినవాళ్లది కాదు. చిన్న బేరం చేయలేకపోతే లేదని చెప్పి పంపించు, నీకు దండం పెడతాను. ఉందని చెప్పి అడుగు బస్తా విప్పకు. ఈ మాటకు కోపం వచ్చే కొట్టువాళ్లు ఎవరో నాకు తెలుసు. రానీ.

మొన్నటి సంతలో చిలకమ్మా ఆ ఊరివాళ్లూ కూర్చునే చోటికి వెళ్లి అందరూ వినేలా చెప్పాను. “ఆ కందులు నా కొట్లో అడుగు బస్తావి. పాతవని తెలిసే ఇచ్చేను. సెడ్డది ఈవిడ సెయ్యి కాదు, నాది.”

“ఇన్నాళ్లూ ఏటి సేత్తన్నావు?” అన్నాడొక ముసలాయన.

చిలకమ్మ చీపుర్లు మోపు కట్టుకుంది. నెత్తిన పెట్టుకుని, అప్పుడు నా వైపు చూసింది.

“ఊళ్లోకొచ్చి సెప్పమన్నాను,” అంది. “సంతలో కాదు.”

నిజమే. సంత నాది, ఊరు ఆమెది. అందుకే ఇవాళ కొట్టు తెరవలేదు. ఇది రాసి కొండెక్కుతున్నాను. అక్కడ నన్ను మాట్లాడనిస్తారో, తరిమేస్తారో తెలియదు. క్షమించమని అడగను, ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. కందులు నావని చెబుతాను. మీతో చెప్పినందుకే ఊపిరి కాస్త ఆడుతోంది.