సొరాకును కాపలా కాసిన కెమెరా

సుధామణి ఏ బస్సు దిగిందో, దిగి ఎవరితో మాట్లాడిందో, ఆమె ఇల్లు చేరకముందే బావ తిమ్మయ్యకు తెలిసిపోయేది. మొదట్లో ఆమె ఊరి నోళ్లను అనుమానించింది. ఉద్దనపల్లికి ఇవతలున్న ఆ చిన్న ఊళ్లో నోళ్లకు కొదవ లేదు. కానీ ఒకరోజు జోరు వానలో, బస్సు ఆగే క్రాస్ దగ్గర మనిషన్నవాడు లేనప్పుడు, ఆమె చెప్పు తెగి కాలవలో కొట్టుకుపోయింది. గుమ్మం దాటగానే తిమ్మయ్య అడిగాడు.

"కాలవలో పోయిన చెప్పు దొరకలేదామ్మా?"

సుధామణి ఊత్తంగరై పక్క పిల్ల. శివరాజ్‌ను చేసుకుని ఈ ఊరొచ్చాక చాలా ఏళ్లు అత్త నాగక్క వెంట మేకలు తోలింది. తర్వాత ఊళ్లోకి కంపెనీ బస్సు వచ్చింది. హోసూరు దగ్గర ఫోన్ల లోపలి సామాన్లు బిగించే ఫ్యాక్టరీ అది. అక్కడ మెడలో వేలాడే కార్డు చూపిస్తే గాని తలుపు తెరుచుకోదు, పనిముట్టు చేతికి రాదు. బాత్రూముకు పోయినా కార్డే.

"నేను ఒంటికి పోయేది కూడా రాసుకుంటారత్తా," అంది ఒకరోజు.

"మన మేకలక్కూడా అంత లెక్క లేదు కదే," అంది నాగక్క.

శివరాజ్ లారీ తోలతాడు. నెలలో సగం దినాలు ఊళ్లో ఉండడు. ఆ సగం దినాలూ ఇంటికి పెద్దదిక్కు తానేనని తిమ్మయ్య లెక్క. చెప్పు పోయిన వారమే తమ్ముడికి ఫోన్ చేశాడు. నీ పెండ్లాం క్రాస్ దగ్గర ఎవడో పిల్లోడితో నవ్వుతా నిలబడింది, పని మానిపించు, అని. ఆ పిల్లోడు బస్సు క్లీనరు. ఆమె సీటు కింద మరిచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చిచ్చాడు. డబ్బా సంగతి తిమ్మయ్య చెప్పలేదు.

శివరాజ్ భార్యకు ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తా ఉండాను. అన్న, నువ్వు, నేను కూర్చొని తేల్చుకుందాం. అందాక పనికి పోతా ఉండు."

ఆమె ఉద్యోగానికి ఆదివారం దాకా గడువు దొరికింది.

శుక్రవారం పొద్దున నాగక్క మేకలు రెండు కనబడలేదు. పోయిన మేకలు తేలేది కుందారపల్లి సంతలోనే గనక తిమ్మయ్య అక్కడికి పరిగెత్తాడు. ఆరోజు సుధామణికి రెండో షిఫ్టు. అత్తా కోడళ్లు వీరప్ప ఇంటికి పోయారు.

వీరప్పది భూములున్న ఇల్లు. ఊరికి నెట్టు లైను వచ్చి ఆగింది ఆ ఇంట్లోనే. ఆయన కొడుకు రక్షిత్ బెంగళూరు ఆఫీసు పనిని ఇంట్లో కూర్చొనే చేస్తాడు. ఆ లైనుకు ఒక నల్ల డబ్బా తగిలించాడు. ఇంటిల్లిపాది ఫొటోలూ, పొలం పట్టాల కాపీలూ దాంట్లోనే ఉంటాయి. పోయినేడు మేకల దొంగతనాలు ఎక్కువైతే ఊరంతా చందా వేసుకుని రెండు కెమెరాలు పెట్టించింది. ఒకటి మేకల దొడ్డి దగ్గర కంబం మీద, ఇంకొకటి దొంగల బండి దాటిపోవాల్సిన క్రాస్ దగ్గర. రెండింటి వీడియోలూ ఆ డబ్బాలోకే చేరతాయి. చందా వేసిన ఇంటికొక పేరూ పాస్‌వర్డూ ఇచ్చారు, ఫోన్లో చూసుకోవడానికి. నాగక్క మేకపిల్లను అమ్మి చందా ఇచ్చింది. పేరు మాత్రం తిమ్మయ్యది. ఊళ్లో ఇల్లంటే మగవాడి పేరే కదా.

నాగక్క ఇంటివాళ్లు వీరప్ప వరండా దాటి లోపలికి పోరు. పోవద్దని ఎవరూ చెప్పరు, రమ్మనీ చెప్పరు. రక్షిత్ లాప్‌టాప్‌నే వరండాలోకి తెచ్చాడు. తెర నిండా ఆకుపచ్చ.

"ఇదేందప్పా?"

"దొడ్డి కెమెరానే అవ్వా."

"దొడ్డి యాడుంది?"

నాగక్క తెరకు ముక్కు తగిలేంత వంగి చూసింది. "ఇది సొరాకు. మన తీగే."

రక్షిత్ వెనక్కి జరిపాడు. అదే ఆకు. ఇంకా వెనక్కి పోతే కాస్త చిన్న ఆకు. మరీ వెనక్కి పోతే రెండు లేత ఆకుల సందున ఒక మేక వెనకభాగం.

"ఉత్తినే నిలబడిన కంబం కదా అని తీగ ఎక్కించినాను," అంది నాగక్క.

"ఇన్ని నెలల్లో ఈ ఆకును ఒక్కరూ చూడలేదా?" అడిగింది సుధామణి.

"అది తెలుస్తుందక్కా. కెమెరాలు పెట్టించిన దినమే డబ్బా ఊరికూరికే గుయ్యిమని తిరగతా ఉంటే వైరస్సేమో అనుకుని, ఎవరు ఏ ఫైలు తెరిచేదీ రాసుకోమని పెట్టినాను. లాగ్ అంటారు. మళ్లా చూడనే లేదు."

ఇప్పుడు చూశాడు. "దొడ్డి ఫైళ్లు, పెట్టించిన దినం మా నాయన తెరిచినాడు. అంతే."

"క్రాస్‌వి?"

రక్షిత్ తెరను కిందికి జరిపాడు. జరుపుతూనే ఉన్నాడు. "తిమ్మన్న."

"ఇంకెవరు?"

"తిమ్మన్న." మళ్లీ జరిపాడు. "మా నాయన కూడా ఉండాడు."

లోపల వీరప్ప దగ్గాడు.

తెరిచిన వేళలన్నీ కంపెనీ బస్సు వచ్చే వేళలే. మేకల దొంగలు ఆ బస్సెక్కి రారు.

"ఇది నా ఫోనుకు పంపు," అంది సుధామణి.

"గలాటా అవుతుందక్కా."

"అయ్యేది మా ఇంట్లోనప్పా. నీకేం?"

తిమ్మయ్య సంత నుంచి వట్టి చేతులతో వచ్చాడు. ఆదివారం శివరాజ్ దిగాడు. నలుగురూ నడింట్లో కూర్చున్నారు. తిమ్మయ్య గొంతు సవరించుకుని నవ్వు సంగతీ, పిల్లోడి సంగతీ చెప్పాడు. సుధామణి ఫోను మొగుడి చేతికిచ్చింది. "పైకి చదువు. అత్తకు వినబడాల."

శివరాజ్ చదివాడు. "తిమ్మయ్య, క్రాస్. తిమ్మయ్య, క్రాస్. తిమ్మయ్య, క్రాస్." గుళ్లో అర్చన చేసినట్టు సాగింది.

నాగక్క ఓపిగ్గా విన్నది. "నా మేకలుండే దొడ్డి పేరు రాలేదే."

"ఇంటి ఆడదాని మంచికే చూసినానమ్మా," అన్నాడు తిమ్మయ్య.

"మంచిదేరా. పోయిన మేకలూ ఆడవే. వాటినెందుకు చూడలేదు?"

తిమ్మయ్య గోడ మీది క్యాలెండరు చూశాడు.

శివరాజ్ ఫోను తిరిగిచ్చాడు. "నువ్వు చెప్పిందంతా నిజమే అన్నా. ఒక్కటీ వదలకుండా చూసే చెప్పినావు." భార్య వైపు తిరిగాడు. "రేపు బస్సుంది కదా. పడుకో పో."

ఆ వారమే కంపెనీ బస్సెక్కే ఆడవాళ్లందరూ వీరప్ప వరండాకు పోయారు. కెమెరాలు పీకెయ్యమని ఎవరూ అనలేదు. మేకలు నిజంగానే పోతున్నాయి. వాళ్లు అడిగింది ఆడవాళ్లకూ సొంత పేర్లూ పాస్‌వర్డులూ ఇమ్మని, ఎవరు ఏమి చూశారో ప్రతి ఆదివారం ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టమని. ఊరిని చూసేవాణ్ణి ఊరు కూడా చూడాలి కదా. వీరప్ప అది మర్యాద కాదన్నాడు. రక్షిత్ రోజూ ఈ పంచాయితీ పడలేక, ఆ లాగ్ పట్టీ దానంతటదే గ్రూపుకు పోయేటట్టు చేసేశాడు.

తీగ కాపు మీదుందని నాగక్క కొయ్యనివ్వలేదు. కెమెరానే దొడ్డికి అవతలి పక్కకు మార్చారు. ఆ రాత్రి క్రాస్ వీడియోలో ఏ బండీ కనబడలేదు, పోయిన మేకలూ దొరకలేదు.

మొదటి ఆదివారం పట్టీలో క్రాస్ పక్కన ఎవరి పేరూ లేదు. దొడ్డి పక్కన మాత్రం నాగక్క పేరు వరసగా ఉంది. ఏది నొక్కాలో కోడలు నేర్పింది. ఆమె పొద్దున మేకల్ని చూస్తుంది, పనిలో పనిగా సొరకాయల్నీ చూస్తుంది.

ఆ మరుసటి సాయంత్రం సుధామణి కొత్త చెప్పులు గుమ్మం ముందు విడిచి లోపలికి వచ్చింది. తిమ్మయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ బస్సుకు వచ్చినావమ్మా?"

"కంపెనీ బస్సుకే బావా," అని ఆమె టిఫిన్ డబ్బా కడగడానికి పోయింది.