మొదటి పోగు ముడేసింది ఎవరు?

పగ తీర్చుకోవాలనుకునే పిల్లలకు నేనిచ్చే సలహా ఒక్కటే: మీ ఇంటి చరిత్ర తవ్వండి. కర్ర కన్నా గట్టిగా తగులుతుంది, పైగా కేసు కూడా కాదు.

లాక్‌డౌన్‌లో గోడాదరాలోని మా వలస నేతగాళ్ల గల్లీలో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఆగిపోయాయి. ఆ చప్పుడు లేకపోయేసరికి మా బావ గొంతు మరీ పెద్దగా వినపడసాగింది. మా మేనత్త కొడుకు, సంఘం పెద్ద. రోజూ ఫోన్ గ్రూపులో గల్లీ చరిత్ర చెప్పేవాడు. ఇక్కడ తెలుగువాళ్ల మొదటి సాంచా వాళ్ల నాన్నదట. మొగుడు పోయి చంటిపిల్లాడితో వచ్చిన మా అమ్మకు జాలిపడి పనిచ్చిందీ ఆయనేనట. "ఆ సాంచా కొత్తగ వచ్చిన్నాడు పసుపు పోగు ముడేసింది గూడ మా అత్తనే" అని ఉదారంగా ముగించాడు. కొత్త సంఘం హాలు గుమ్మంలో వాళ్ల నాన్న పేరుతో రాయి పెట్టాలని తీర్మానం కూడా అయింది.

నా ఒళ్లు మండింది. ఆ సాంచా మా నాన్నదని, ఆయన పోయాకే చేయి మారిందని అమ్మ చచ్చేదాకా చెప్పింది. ఆమె జాలికూడు తిన్నదని రాతిలో చెక్కుతారా? గ్రూపులో అదే అన్నాను. అందరూ నవ్వారు. ఒక కుర్రాడైతే అడిగేశాడు:

"తాపీ నది వరదల మొసలి మీదెక్కి డుమస్ సముద్రం దాక పోయిన అన్నవు గద మామా, గిది గూడ గసొంటిదేనా?"

కథలు బాగా చెప్పేవాడికి ఇదొక నష్టం. నిజం చెబితే, ఈసారి సరిగ్గా కుదరలేదంటారు.

అందుకని బావ కూతురినే పట్టుకున్నాను. కాలేజీ మూతపడి గోళ్లు గిల్లుకుంటోంది.

"కోడలా, మీ బాపు కథ మంచిగున్నది. గని ఒక్క నోట విన్నది చరిత్ర గాదు. ముసలోళ్లకు ఫోన్ చేసి అడుగు. రికార్డు చెయ్యి. మధ్యల మాట్లాడకు."

"ఇండ్ల నీకేం ఫాయిదా మామా?"

"పుణ్యం."

"నీకా?" అందిగాని, మొదలుపెట్టింది. రెండో వేవ్ వచ్చాక వేగం పెంచింది. రేపు అడుగుదామనుకున్న వాళ్లు రేపటికి ఉండటం లేదు.

పోగు ముడేసింది మా అమ్మేనని ముసలోళ్లందరూ ఒప్పుకున్నారు. దాంతో ఆల్థాన్ పేటలో కూతురి దగ్గరున్న ఒక ముసలమ్మను పిల్ల అడిగింది: "మొగుడు పోయినామెతోని కట్టిపిచ్చిన్రా?"

ముసలమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఏంది బిడ్డా, ముత్తయిదువ గాకుంటె కొత్త సాంచాను ముట్టనిస్తరా? ఆమె మొగడు పక్కన్నే కొబ్బరికాయ పట్టుకోని నిలవడె. సాంచా ఆయినదేనాయె. మీ తాత గప్పుడు పోగులు చుట్టిన బీములు మోసే కూలోడు."

పిల్ల ఆ రికార్డు ముందుగా ఇంట్లోనే వినిపించిందట.

"ముసల్దానికి యాది తప్పింది" అన్నాడు బావ.

"మరి పోగు ఆమెనే కట్టిందని నువ్వే చెప్తివి గద బాపు."

తండ్రి మాట, ముసలమ్మ మాట ఒకదాని వెనక ఒకటి గ్రూపులో పెట్టింది. ఆ రోజు నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

హాలు తెరిచేనాటికి రాతి మీద మా అమ్మానాన్నల పేర్లున్నాయి. బావ నాన్న పేరు తీసేద్దామన్నారు, నేనే ఒప్పుకోలేదు. కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు, పక్కనే "బీములు మోసినవారు" అని చెక్కించాను. అందరి ముందూ అది చదివే గౌరవం సంఘం పెద్దకే దక్కాలని పట్టుబట్టాను కూడా.

బావ గొణుగుతూ చదివాడు.

"మాస్కు జర కిందికి గుంజు బావా. ఎనకున్న ఆడోళ్లకు ఇనవడ్తలేదు."

మళ్లీ మొదటి నుంచి చదివాడు.